చంద్రగ్రహణానికి నల్లద్దాలు

సంపూర్ణ చంద్రగ్రహణం వస్తోందన్న సంగతి తుమ్మలగట్టులో పంచాంగం చూసేవాళ్ళకి ఉగాదినాడే తెలుసు. మునిసిపల్ హైస్కూల్లో సైన్సు చెప్పే కరుణమ్మకి అంతకుముందు ఏడాదే తెలుసు. పురపాలక సంఘం కార్యాలయానికి మాత్రం సరిగ్గా పన్నెండు రోజుల ముందు, ఇన్‌వార్డు నంబరు పడ్డాక తెలిసింది. అప్పటినించీ అది ఆకాశంలో జరిగే విషయం కాకుండా పోయి, ఆఫీసులో నడిచే ఫైలయింది.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఇలా మొదలైంది: "ప్రజలలో శాస్త్రీయ దృక్పథమును పెంపొందించు నిమిత్తము, ప్రతి పురపాలక సంఘమునందును సామూహిక చంద్రగ్రహణ వీక్షణ కార్యక్రమమును విధిగా నిర్వహించి, అది విజయవంతమైనట్లు నివేదిక పంపవలసినదిగా తెలియజేయడమైనది."

ఆ మాట హెడ్మాస్టరు చదివి వినిపించినప్పుడు కరుణమ్మకి నిజంగానే సంతోషం వేసింది. ఎందుకంటే ఆ పని ఆవిడ రెండు నెలలుగా ఒక్కత్తీ చేస్తోంది. తుమ్మలగట్టులో గ్రహణం పట్టిందంటే వీధిలో కుక్క తప్ప ఇంకో ప్రాణి కనిపించదు. పొయ్యిలు ఆరిపోతాయి, కిటికీలు మూసుకుంటాయి, నీళ్ళబిందెల్లో దర్భలు పడతాయి. తొమ్మిదో తరగతిలో అరవై రెండుమంది పిల్లలున్నారు. సాయంత్రంపూట ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, బల్బుకీ గోడకీ మధ్య నారింజపండు పెట్టి నీడ చూపించి, "ఇంతేనండీ. ఆ నీడ మనదే. మన భూమి నీడ చూడటానికి భయమెందుకూ" అని చెప్పుకుంటూ వచ్చింది. యాభై ఎనిమిది ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. మిగతా నలుగురూ చూద్దాంలే అన్నారు.

అందరికంటే ఎక్కువసేపు పట్టింది నూకాలమ్మ దగ్గర. నూకాలమ్మ పురపాలక సంఘంలో పారిశుధ్య కార్మికురాలు. ముప్పై ఏళ్ళుగా తెల్లవారకముందే లేచి మార్కెట్టు వీధి ఊడుస్తున్న మనిషి. కొడుకూ కోడలూ ఇటుకబట్టీ పనికి పోతే, మనవరాలు పావనిని తనే పెంచుతోంది.

"మీ మాట కాదనలేనండి టీచరుగారూ," అంది ఆవిడ నాలుగోరోజు. "పిల్లని పంపుతాను. పిల్లని ఒక్కదాన్నే పంపలేను కాబట్టి నేనూ వత్తాను. కానీ నేను పుట్టిన కాడినించీ గ్రహణంలో గడప దాటలేదండి. ఇప్పుడు దాటాక, మీరు చెప్పిన ఆ ఎర్రచంద్రుడు కనపడకపోతే మటుకు, ఇంక నా గుమ్మంలోకి నారింజకాయ పట్టుకు రాకండి. పిల్లకి ఏ చదువు చెప్పించాలో నేనే చూసుకుంటాను."

"కనపడతాడు అక్కా," అంది కరుణమ్మ. "మబ్బు పడితే తప్ప కనపడకపోవడమన్నది ఉండదు."

మబ్బుల గురించి ఆలోచించిందే కాని, ఆఫీసు గురించి ఆవిడ ఆలోచించలేదు.

ఉత్తర్వుతోపాటు నిబంధనల కాగితాలు ఆరు జతచేసి ఉన్నాయి. అవి చూడమని కమిషనరు దక్షిణామూర్తిగారు కరుణమ్మని పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాడు. పొద్దున తొమ్మిదిన్నరకే సీట్లో ఉండేవాడు, ఎవరినీ కసురుకునేవాడు కాడు. కాగితంమీద ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మడం ఒక్కటే ఆయనకున్న అలవాటు. పక్కనే శానిటరీ ఇన్‌స్పెక్టరు పీతాంబరం ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఆ పొద్దునే "గ్రహణ నోడల్ అధికారి"గా నియమించారు.

కరుణమ్మ కాగితాలు చదివింది. మూడో నిబంధన ప్రకారం వీక్షకులు ఎండదెబ్బ తగలకుండా తలపై టోపీగాని తువ్వాలుగాని ధరించాలి. ఐదో నిబంధన ప్రకారం మజ్జిగ సరఫరా చేయాలి. నాలుగో నిబంధన దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"చంద్రుని వైపు నేరుగా చూచుట కంటికి మిక్కిలి ప్రమాదకరము. కావున ప్రతి వీక్షకుడును కార్యక్రమము ఆద్యంతము సరఫరా చేయబడిన రక్షణ కళ్ళద్దములను ధరించియే చూడవలెను."

"సర్," అంది మెల్లిగా, "ఇది సూర్యగ్రహణం నిబంధనలు. అప్పుడెప్పుడో వచ్చినవి. సూర్య అన్నచోటల్లా చంద్ర అని కొట్టి పంపించినట్టున్నారు."

"సవరించి పంపించారు మేడమ్," అన్నారు దక్షిణామూర్తిగారు. "కొట్టడం వేరు, సవరించడం వేరు."

"చంద్రుణ్ణి చూస్తే కళ్ళకేం కాదు సర్. రోజూ చూస్తూనే ఉన్నాంగా."

"రోజూ చూసేది మన వ్యక్తిగతం మేడమ్. ఇది కార్యక్రమం. కార్యక్రమంలో ఎవరి కంటికైనా ఏమన్నా అయితే దానికి బాధ్యులెవరు?"

పీతాంబరం ఫైల్లోంచి ఒక జత అద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. అట్టముక్కకి నల్లటి రేకులాంటి కాగితం అంటించిన అద్దాలు. రెండువేల జతలు స్టోరుకి చేరాయని చెప్పాడు. కరుణమ్మ అవి పెట్టుకుని గదిలో అటూ ఇటూ చూసింది. కిటికీ కనిపించలేదు. ట్యూబులైటు కనిపించలేదు. ఎదురుగా కూర్చున్న కమిషనరు కనిపించలేదు.

"సర్, వీటిలోంచి సూర్యుడు తప్ప ఇంకేదీ కనపడదు. చంద్రుడు అస్సలు కనపడడు."

దక్షిణామూర్తిగారు ఆ మాటని తేలిగ్గా తీసుకోలేదు. నాణ్యత పరీక్ష జరిపిద్దామన్నారు. ముగ్గురూ ఆఫీసు వరండా మెట్లు దిగి ఆరుబయటికి వచ్చారు. మిట్టమధ్యాహ్నం. ఆయన అద్దాలు పెట్టుకుని పైకి చూసి, "బ్రహ్మాండంగా కనిపిస్తున్నాడు. నారింజరంగులో, గుండ్రంగా," అన్నారు. పీతాంబరం కూడా చూసి నాణ్యత సంతృప్తికరం అని ఫైల్లో రాసుకున్నాడు.

"అది సూర్యుడు సర్."

"ప్రస్తుతానికి అందుబాటులో ఉన్నదానితోనే కదా మేడమ్ పరీక్షించాలి. చంద్రుడు ఆఫీసు వేళల్లో ఉండడు."

కరుణమ్మ అక్కడితో వదల్లేదు. నాలుగో నిబంధన మినహాయించమని కోరుతూ వినతిపత్రం రాసి ఇచ్చింది. అది ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. వారం తర్వాత జవాబు వచ్చింది: మినహాయింపు కోరుతున్న వ్యక్తుల పేర్లు, వయస్సు, కంటిచూపు వివరాలు, మరియు మినహాయింపు వల్ల నష్టం వాటిల్లినచో తామే బాధ్యులమని సంరక్షకుల హామీపత్రములు మూడు ప్రతులలో పంపినచో, విషయము వచ్చే గ్రహణమునకు పరిశీలించబడును.

ఈలోగా ఏర్పాట్లు నడిచిపోతున్నాయి. హైస్కూలు మైదానంలో వేదిక ఎప్పుడూ పడమటి గోడవైపు వేస్తారు. అలా వేస్తే జనం పడమరకి తిరిగి కూర్చుంటారు, చంద్రుడు తూర్పున వాళ్ళ వీపులవెనక లేస్తాడు. ఆ సంగతి కరుణమ్మ చెప్పింది. కుర్చీలు తిప్పుదామంటే, ముఖ్య అతిథిగా వచ్చే ప్రాంతీయ సంచాలకులవారికి ప్రజలు వీపు చూపించినట్టవుతుందని పీతాంబరం అభ్యంతరం చెప్పాడు. రెండురోజులు తర్జనభర్జన పడి చివరికి వేదికనే తూర్పుకి మార్చారు. ఇది కరుణమ్మ సాధించిన ఒకే ఒక్క విజయం. వేదిక వెనక కట్టే ఫ్లెక్సీని పదడుగులకి మించకుండా చూడమని బతిమాలుకుంటే, దానికీ ఒప్పుకున్నారు.

తర్వాత ఇంకో సమస్య తేలింది. నల్లద్దాలు పెట్టుకున్న మనిషి నడవలేడు. వార్డు సిబ్బందితో ఒక సాయంత్రం కసరత్తు చేయించి చూస్తే ఇద్దరు గోల్‌పోస్టుకి గుద్దుకున్నారు, ఒకాయన మైదానం దాటి రోడ్డుమీదికి వెళ్ళిపోయాడు. అందుకని కుర్చీల వరసల మధ్య కొబ్బరితాళ్ళు కట్టారు. మంచినీళ్ళకిగాని మరో పనికిగాని లేవదల్చినవాళ్ళు తాడు పట్టుకుని నడవాలి. అద్దాలు ఎవరూ తియ్యకుండా చూడటానికి ఆరుగురితో "కంటి రక్షణ దళం" ఏర్పడింది. వాళ్ళకి ఈలలు ఇచ్చారు. దళం వాళ్ళుకూడా అద్దాలు పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు దక్షిణామూర్తిగారు చాలాసేపు ఆలోచించి, వాళ్ళు చంద్రుడివైపు వీపు పెట్టి నిలబడాలని తీర్మానించారు.

"మేడమ్ ఇంకా దిగులుగా ఉన్నారు," అన్నాడు పీతాంబరం తాళ్ళు బిగించి చూసుకుంటూ.

"అందరం కలిసి ఏమీ చూడకుండా ఉండటానికి ఇన్ని ఏర్పాట్లా అని, పీతాంబరంగారూ."

"చూడటం చూడకపోవడం వాళ్ళ అదృష్టం మేడమ్. ఏర్పాట్లు మన చేతిలో ఉన్నాయి."

గ్రహణం రోజున మబ్బు తునక కూడా లేదు.

ఆరుగంటలకల్లా మైదానం నిండిపోయింది. అంతమంది వస్తారని కరుణమ్మ కూడా అనుకోలేదు. సగం ఆవిడ మాట నమ్మి వచ్చినవాళ్ళు, సగం పురపాలక సంఘం ఆటోలో మైకు పెట్టి మూడురోజులు తిప్పినందుకు వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి గ్రహణంవేళ గడప దాటడం అదే మొదటిసారి. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో బిగించి పట్టుకుని, ఏదో జరగబోతున్నట్టు కూర్చున్నారు. గేటుదగ్గరే చేతికి ఒక జత అద్దాలు, ఒక కాగితపుటోపీ, ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకున్నారు. పదునాలుగువందల ఇరవై ఆరుమంది.

నూకాలమ్మ ఉతికిన నీలంచీర కట్టుకుని, పావని చెయ్యి వదలకుండా వచ్చింది. ఆవిడకి ఆ సాయంత్రం డ్యూటీ కూడా వేశారు, తాగి పారేసిన గ్లాసులు ఏరడానికి. చీపురు గోడకి ఆనించి, తొమ్మిదో తరగతి పిల్లల వరసలో కరుణమ్మ పక్క కుర్చీలో కూర్చుంది.

"వచ్చేసానండి," అంది, ఆ తర్వాత పెదవులు కదుపుతూ ఏదో దండకం చదువుకుంది.

అప్పటికి చంద్రుడు తూర్పున లేచాడు. రేగుచెట్ల మీద పెద్దగా, పచ్చగా, నిండుగా ఉన్నాడు. జనం చూసి మురిసేలోపే ఈలలు మోగాయి. కార్యక్రమం ప్రారంభమైంది, అందరూ అద్దాలు ధరించాలని పీతాంబరం మైకులో ప్రకటించాడు. పద్నాలుగు వందలమంది అద్దాలు పెట్టుకున్నారు. మైదానం నిశ్శబ్దమైపోయింది.

ముఖ్య అతిథి కూడా నిబంధన పాటించారు. వేదికమీద ఆయన్ని ఇద్దరు చెయ్యి పట్టుకుని కుర్చీదాకా నడిపించారు. పూలదండ తీసుకొచ్చినవాడు దాన్ని మైకుస్టాండు మెడలో వేశాడు. జ్యోతి వెలిగించేటప్పుడు అగ్గిపుల్ల అయిదుసార్లు కుందికి అవతలపక్క వెలిగింది. ఆరోసారి వత్తి అంటుకుందని ఎవరో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

"శాస్త్రీయ దృక్పథమనగా," అని సంచాలకులవారు మొదలుపెట్టారు, "చూచిన దానినే నమ్ముట." ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు.

ఆయన మాట్లాడుతుండగానే పీతాంబరం చిన్న టార్చిలైటు వెలుగులో సమయసూచిక పట్టుకుని మధ్యమధ్యలో ప్రకటనలు చేశాడు. చదవాలి కాబట్టి ఆయనొక్కడికి అద్దాలనుంచి మినహాయింపు ఇచ్చారు, కాగితంమీంచి తల ఎత్తకూడదన్న షరతుమీద.

"ఆరు గంటల ముప్పై రెండు నిమిషములు. భూమి యొక్క నీడ చంద్రుని ఎడమభాగమును తాకుచున్నది. ప్రజలు గమనించగలరు."

ప్రజలు గమనించారు. చీకట్లో ఎవరో పెద్దాయన, "ఆఁ, తాకింది తాకింది," అన్నాడు. పక్కాయన, "ఎక్కడా?" అన్నాడు. "ఎడమపక్కన్నారుగా," అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత చాలామందికి కనిపించడం మొదలైంది. తనకొక్కడికే కనపడటం లేదని చెప్పుకోడానికి ఎవరికి మొహమాటం ఉండదు? ఏడుగంటల ప్రకటనలో సగం చంద్రుడు పోయాడనగానే పెద్ద చప్పట్లు పడ్డాయి.

కరుణమ్మ చప్పట్లు కొట్టలేదు. అద్దాల అంచుకింద నుంచి తన చేతులు మాత్రం కనపడుతున్నాయి. పిల్లలు ఆవిడని నమ్మి, మెడలు పైకెత్తి, నల్లటి అట్టకేసి రెప్పవెయ్యకుండా చూస్తున్నారు. ఎవరూ ఏమీ అడగటం లేదు. అడిగినా బాగుండేది.

ఏడున్నర దాటాక నూకాలమ్మ మెల్లిగా ఆవిడ మోచెయ్యి తాకింది.

"టీచరుగారూ. అందరికీ కనపడతందంట. నాకు చీకటే కనపడతందండి."

"నాకూ అంతే అక్కా."

"మరి ఇంట్లో తలుపేసుకుని పడుకున్నా ఇదేగదండీ కనపడేది," అంది నూకాలమ్మ. ఆ గొంతులో కోపంలేదు. పిల్లచెయ్యి పట్టుకుని లేవబోయింది.

కరుణమ్మ ఆపింది. "రెండు నిమిషాలు కూర్చో అక్కా. ఒక్క రెండు నిమిషాలు," అని చెప్పి, తాడు పట్టుకుని వేదికదాకా వెళ్ళింది. అద్దాలు నుదుటిమీదికి నెట్టగానే ఈల మోగింది. ఆవిడ పట్టించుకోలేదు. పీతాంబరం చేతిలోని ఫైలు అడిగి తీసుకుంది. నోడల్ అధికారి కాదనలేకపోయాడు, మైకులో ప్రకటన చదువుతున్నాడు. టార్చివెలుగులో నిబంధనలన్నీ మొదట్నుంచీ చదువుకుంటూ వెళ్ళింది. ఐదో కాగితం అడుగున, పదమూడో నిబంధనలో ఉపనిబంధన కనిపించింది.

"కళ్ళద్దములపై ధూళి చేరినచో స్పష్టత లోపించును. కావున వీక్షకులు అవసరమునుబట్టి కళ్ళద్దములను తీసి, మెత్తని గుడ్డతో శుభ్రపరచుకొనవచ్చును."

ఎంతసేపన్నది అందులో రాసిలేదు.

ఆవిడ వెనక్కి వచ్చి, పిల్లలముందు నిలబడి, క్లాసులో చెప్పే గొంతుతో చెప్పింది. "అందరూ వినండి. మీ అద్దాలమీద దుమ్ము పడింది. తీసి ఒళ్ళో పెట్టుకుని, శుభ్రంగా తుడుచుకోండి. తొందరేం లేదు. తుడిచేటప్పుడు కిందికి చూడక్కర్లేదు. తలపైకెత్తి తుడుచుకోవచ్చు."

అరవైమంది పిల్లలు అద్దాలు తీశారు.

చంద్రుడు అప్పటికి పూర్తిగా నీడలోకి వెళ్ళిపోయి, ఎర్రబడి ఉన్నాడు. ఫ్లెక్సీకి ఎంతో పైన, రేగుచెట్లకి ఎంతో దూరంలో, ఎవరో లోపల దీపం పెట్టి గాలికి ఆరకుండా చేతులడ్డం పెట్టినట్టు, నల్లటి ఆకాశంలో ముద్దగా వేలాడుతున్నాడు. వెన్నెల పోయిన ఆకాశంలో ఎక్కడెక్కడి చుక్కలూ బయటికొచ్చి చుట్టూ నిలబడ్డాయి. పిల్లలెవరూ అరవలేదు. పావని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నూకాలమ్మ అద్దాలు ఒళ్ళో పడేసుకుని, కొంగుతో తుడుస్తున్నట్టు చేతులు కదుపుతూ, చాలాసేపు చూసింది.

"ఎర్రగా ఉన్నాడు," అంది చివరికి. "అంచులు కొంచెం అలుక్కుపోయినట్టుంది గానీ, ఎర్రగానే ఉన్నాడండి. ఇన్నేళ్ళూ మనం తలుపులేసుకుంటే, ఈయన పాపం ఒక్కడే ఇట్టా దీపం పట్టుకుని నిలబడ్డాడా?"

ఈలలు ఊదుకుంటూ దళం వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కరుణమ్మ ఫైలు చూపించింది. ఉపనిబంధన చదివి, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆవిడ చూపినవైపు చూశారు. మళ్ళీ ఈల ఊదలేదు.

తొమ్మిదో తరగతి వరస నుంచి ఆ మాట పక్క వరసకి, అక్కణ్ణించి వెనక్కి పాకిపోయింది. "తుడుచుకోవచ్చంట." "ఎంతసేపైనా పర్లేదంట." జేబురుమాళ్ళు, కొంగులు, కండువాలు బయటికొచ్చాయి. పావుగంటలో మైదానమంతా అద్దాలు తుడుచుకుంటోంది. వెనక ఎక్కడో ముసలాయన ఒకడు పెద్దగా ఏడుస్తున్నాడు. ఎందుకయ్యా అంటే, డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఇంత అందంగా ఉంటుందని ఒక్కడూ చెప్పలేదు అన్నాడు.

పీతాంబరం వేదికమీంచి ఆ కదలిక గమనించి కంగారుపడ్డాడు. విషయం తెలిశాక సర్దుకుని మైకు అందుకున్నాడు. "ప్రస్తుతము కళ్ళద్దముల శుభ్రత కార్యక్రమము ప్రశాంతముగా జరుగుచున్నది. ప్రజలు సహకరించగలరు."

ప్రజలు ఏ కార్యక్రమానికీ అంతగా సహకరించి ఉండరు.

వేదికమీద మాత్రం పెద్దలంతా ఇంకా అద్దాలతోనే ఉన్నారు. పైగా వాళ్ళు జనంకేసి తిరిగి కూర్చున్నారు, చంద్రుడు వాళ్ళ వెనక ఉన్నాడు. సంచాలకులవారికి మరో పట్టణంలోనూ ఇదే గ్రహణం ఉండటంతో ఆయన్ని చెయ్యిపట్టుకుని కారెక్కించారు. ఆయన వెళ్ళాక కరుణమ్మ ఫైలు తిరిగి ఇవ్వడానికి వేదికెక్కింది. దక్షిణామూర్తిగారు కుర్చీలో నిటారుగా, టోపీతో, అద్దాలతో, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"సర్, మీ అద్దాలమీద కూడా దుమ్ము చేరింది."

"చేరిందా మేడమ్?"

"చాలా చేరింది సర్. పదమూడులో ఉంది, తుడుచుకోవచ్చని. కాస్త వెనక్కి తిరిగి తుడుచుకుంటే బాగుంటుంది."

ఆయన లేచి, వెనక్కి తిరిగి, అద్దాలు తీశారు. జేబులోంచి రుమాలు తీశారు. తుడవలేదు. రుమాలు ఒక చేతిలో, అద్దాలు ఒక చేతిలో పట్టుకుని, ఫ్లెక్సీ మీదుగా పైకి చూస్తూ నిలబడ్డారు. ఎనిమిదిన్నరకి నీడ జరిగి, ఒక అంచున తెల్లటి వెలుగు తునక మెరిసేదాకా అలాగే ఉన్నారు. ఆ తర్వాత అద్దాలు పెట్టుకుని, వచ్చి, తన కుర్చీలో కూర్చున్నారు. ఆ సంగతి ఎవరితోనూ ఏమీ అనలేదు.

కథ అక్కడితో అయిపోయేదే. కాని పద్నాలుగో నిబంధన ఒకటుంది. పాల్గొన్న ప్రతివారికీ మూడురోజుల్లోగా కంటిపరీక్ష జరిపి, నిర్ణీత నమూనాలో నివేదిక పంపాలి. స్కూలు వరండాలో కంటి డాక్టరొకాయన కూర్చుని, రిజిస్టరు ప్రకారం పేరుపేరునా పిలిచి చూశాడు. నమూనాలో రెండే గడులున్నాయి. "నష్టము లేదు" ఒకటి. "నష్టము ఉన్నది" ఒకటి.

పదునాలుగువందల ఇరవై ఐదుమంది మొదటి గడిలో పడ్డారు. మూడోరోజు మధ్యాహ్నం నూకాలమ్మ కుడికంట్లో శుక్లం ఉందని తేలింది. అది ఎప్పుడో మూడు నాలుగేళ్ళకిందట మొదలైందని, ఆపరేషను చేయిస్తే పోతుందని డాక్టరు చెప్పాడు. చెప్పాడే గాని, ఉన్నవి రెండే గడులు కాబట్టి రెండోదాన్లో టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కమిషనరు గదిలో సమావేశం జరిగింది. నూకాలమ్మని పిలిపించారు. ఆవిడ ఒక్కత్తీ రానంటే కరుణమ్మ తోడొచ్చింది.

"మొత్తం ప్రాంతంలో ఒక్క నష్టమూ లేని పురపాలక సంఘాలకి ప్రశంసాపత్రం ఇస్తున్నారు సర్," అన్నాడు పీతాంబరం. "ఈ ఒక్క కేసూ లేకపోతే మనమూ ఉన్నట్టే. ఇది ఇలాగే వెళితే మాత్రం, గ్రహణంవల్ల కంటికి నష్టం వాటిల్లినట్టవుతుంది. విచారణ వస్తుంది."

"మార్గం?"

"ఈవిడ రాలేదని రాసేద్దాం సర్. డ్యూటీ రిజిస్టర్లో ఆరోజు సెలవు అని మారిస్తే సరిపోతుంది. ఆవిడకీ ఒక రోజు కలిసొస్తుంది. ఆపరేషనుకి మనమే ఆసుపత్రికి ఉత్తరం రాసిద్దాం."

దక్షిణామూర్తిగారు నూకాలమ్మ వైపు తిరిగారు. "ఇందులో నీకు పోయేదేమీ లేదమ్మా. రాలేదని రాస్తాం, అంతే. సరేనా?"

నూకాలమ్మ బల్లమీది కాగితంకేసి చూసింది. ఆవిడకి చదవడం రాదు. తన వేలిముద్ర ఎక్కడుందో మాత్రం తెలుసు.

"సెలవు నాకొద్దండి," అంది. "నేనొచ్చానండి."

"వచ్చావమ్మా, మాకు తెలుసు. కాగితంమీద మాత్రమే రాలేదని."

"నాకు యాభై ఎనిమిదండి. ఎన్ని గ్రహణాలొచ్చాయో, అన్నిట్లోనూ తలుపేసుకునే పడుకున్నాను. నేను కడుపుతో ఉన్నప్పుడైతే పక్కకి ఒత్తిగిల్లనివ్వలేదు మా అత్త. ఈ ఒక్కసారి బయటికొచ్చి చూశానండి. నా మనవరాలు నా పక్కనుంది. ఆ ఒక్కటీ లేదని రాసేత్తారా?" ఆవిడ గొంతు పెంచలేదు. "కన్ను ముందే పోయిందని డాక్టరుబాబే చెప్పాడండి. పోయిన కంటితోనే చూశాను. చూడలేదని మటుకు రాయకండి. నేను వేలు వెయ్యను."

పీతాంబరం ఏదో అనబోయాడు. దక్షిణామూర్తిగారు చెయ్యెత్తి ఆపారు. కాసేపు నమూనావంక చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ నమూనానీ ముట్టుకోలేదు. పైనుంచి వచ్చిన గడి పైనుంచి వచ్చినట్టే ఉండాలన్నది ఆయన నమ్మకం. సొరుగు లాగి స్కేలు తీశారు. ఆయన రెండు గడుల పక్కన స్కేలు ఆనించి, నల్లసిరాతో పైనుంచి కిందిదాకా ఒక గీత గీశారు. గీత కొంచెం వంకరపోయింది. పైన, "ముందునుంచి ఉన్నది" అని రాశారు. నూకాలమ్మ పేరుకి ఎదురుగా ఆ మూడో గడిలో టిక్కు పెట్టారు.

"సర్," అన్నాడు పీతాంబరం. "నమూనా సర్."

"తెలుసయ్యా. నువ్వెళ్ళి టీ చెప్పు. నలుగురికీ."

పీతాంబరం వెళ్ళాక ఆయన వివరణ రాసే జాగాలో, "పై వ్యక్తి కార్యక్రమమునకు హాజరై గ్రహణమును స్వయముగా చూచినది" అని రాసి, నూకాలమ్మకి చదివి వినిపించారు.

"ఎర్రగా ఉందని కూడా రాయండి," అంది నూకాలమ్మ.

"రంగు రాసే అవసరం లేదమ్మా."

"అది లేకపోతే ఏం చూసినట్టండి?"

దక్షిణామూర్తిగారు కలం కాగితంమీద ఆనించి ఆలోచించారు. తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు. "ఎరుపనేనా మేడమ్ రాయడం? నాకైతే మొదట్లో రాగిచెంబు రంగులో ఉండి, వెలుతురు వచ్చేముందు మాత్రం అడుగున కాస్త దానిమ్మగింజలా అనిపించింది."

"అలాగే రాయండి సర్," అంది కరుణమ్మ.

ఆయన రాయడం మొదలుపెట్టారు. ఉన్న జాగా చాలక, కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ రాస్తూనే ఉన్నారు.